డ్రైవర్ ఓదెలు నిద్ర

కొత్తమల్లారం డిపో డ్రైవరు దాసరి ఓదెలు కళ్లు పుట్టుకతోనే సగం మూసుకుని ఉంటాయి. రెప్పలు కిందికి వాలి, ఎప్పుడు చూసినా అప్పుడే అన్నం తిని చాప కోసం వెతుక్కుంటున్న మనిషిలా కనిపిస్తాడు. పెళ్లిచూపుల నాడు కూడా అలాగే కూర్చున్నాడట. "పిల్ల నచ్చిందా?" అని మధ్యవర్తి అడిగితే, పిల్ల మేనమామ "ముందుగాల పిలగాన్ని లేపుండ్రి" అన్నాడట. ఆ పిల్ల స్వరూప ఇప్పుడు అతని భార్య. ఇంటికి చుట్టాలొస్తే ఈ ముచ్చట చెప్పకుండా చాయ్ పొయ్యదు.

ఆ కళ్లతోనే ఓదెలు ఇరవై ఏళ్లకు పైగా కొత్తమల్లారం నుంచి జిల్లా కేంద్రానికి బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. మనిషి సంగతి అటుంచి, కోడిని కూడా తొక్కలేదు. ఈ సంగతి అతను అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. డ్రైవింగులో తనంతటివాడు ఆ జిల్లాలో ఇంకొకడు లేడని అతని అభిప్రాయం. అందులో కొంత నిజముంది.

ఇంతలో రవాణా సంస్థకు తెలివి వచ్చింది.

ప్రధాన కార్యాలయంలో కొత్తగా ఇంటెలిజెంట్ రవాణా విభాగం తెరిచారు. దానికి డైరెక్టరు డాక్టర్ నళినీకాంత్ గారు. ఆయన ఏదో మహాసభకు వెళ్లి, ఇకముందు రోడ్లు ఆలోచిస్తాయని, సిగ్నళ్లు ఆలోచిస్తాయని, బస్సులు కూడా ఆలోచిస్తాయని విని వచ్చారు. ఆనాటి నుంచి సంస్థలో ఆలోచించే బాధ్యత మనుషుల మీద నుంచి దిగిపోయింది. ముందుగా బస్టాండ్లలో తెరలు పెట్టించారు. కొత్తమల్లారం బస్టాండు తెర మీద 'మీ బస్సు రెండు నిమిషాలలో వచ్చును' అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది. జనం దాన్ని గోడమీది సూక్తిలా చదువుకుని ఆటో ఎక్కేవారు.

ఆ తర్వాత 'జాగృతి' వచ్చింది. జాగృతి అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక కెమెరా. డ్రైవరు ఎదురుగా అద్దం మీద కూర్చుని అతని కళ్లనే చూస్తూ ఉంటుంది. కళ్లు మూతపడితే గంట కొడుతుంది. ఆ వెంటనే ఒక ఆడగొంతు బస్సంతా వినబడేలా మేలుకొలుపు పాడుతుంది. మంచి ఉద్దేశమే. డ్రైవరు కునికితే బస్సు ఏమవుతుందో అందరికీ తెలుసు. చిక్కల్లా కళ్లు ఎంత తెరిస్తే తెరిచినట్టు అనేది ప్రధాన కార్యాలయం నిర్ణయించడం దగ్గర వచ్చింది.

మొదటి రోజు ఓదెలు సీట్లో కూర్చుని తాళం తిప్పగానే గంట మోగింది.

"చోదక మహాశయా, మీరు నిద్రించుచున్నారు. దయచేసి మేల్కొనుడు."

బస్సులో మాటలు ఆగిపోయాయి. కూరాకు గంపతో రోజూ ముందు సీట్లో కూర్చునే బుచ్చవ్వ లేచి, మెడ సాచి చూసింది.

"ఏందిరా ఓదెలూ, పొద్దుగాలనే పంటివా?"

"పండలేదవ్వా. మెల్కతోటే ఉన్న."

"మరి గామె ఎందుకట్ల అంటున్నది?"

"ఆమె కొత్త. నా మొఖం ఇంక అలవాటు కాలేదు."

బస్సు కదిలింది. గొంతు ఆగలేదు. ఊరు దాటినా, చెరువు కట్ట దాటినా, ఫ్యాక్టరీ గేటు దాటినా 'మేల్కొనుడు' అంటూనే ఉంది. ఓదెలు కనుబొమలు పైకెత్తి చూశాడు. నుదురు నొప్పి పుట్టింది గాని రెప్పలు లేవలేదు. దారిలో ఎక్కిన పెళ్లివారు కొందరు ఆ మాట విని, పిల్లాపాపలతో వెంటనే దిగిపోయారు. కండక్టరు భూలక్ష్మి వాళ్ల వెనకాల పరుగెత్తి, "మా అన్న కండ్లే గంత! నిద్ర కాదు!" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. మర్నాడు ఒక ముసలాయన సీసాలో నీళ్లు తెచ్చి, మూలమలుపు దగ్గర ఓదెలు మొహం మీద చిలకరించాడు. ఆ ఇరవై ఏళ్లలో బస్సు ప్రమాదానికి దగ్గరగా వెళ్లింది ఆ ఒక్కసారే.

వారం తిరక్కుండా డిపో మేనేజరు పురుషోత్తం గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన బల్లమీద రంగురంగుల గీతలున్న కాగితం పరిచి ఉంది.

"ఓదెలూ, నీ మీద నాకు గౌరవముంది. అయితే డ్యూటీ సమయంలో తొంభై నాలుగు శాతం నువ్వు నిద్రలో ఉన్నట్టు రిపోర్టు."

"మరి ఆ మిగిలిన ఆరు?"

"సీట్లో లేవు. చాయ్ తాగడానికి దిగినట్టున్నావు."

"సార్, నిద్రపోతే బస్సు ఎట్ల పోతది? గేర్లు ఎవరు మార్చిన్రు? బ్రేక్ ఎవరు తొక్కిన్రు? నా కండ్లు సూడుండ్రి. మా నాయినవి గిట్లనే, మా తాతవి గిట్లనే."

పురుషోత్తం గారు అతని కళ్లలోకి చూశారు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న కళ్లే. ఆయనకు నిజం తెలుసు. కాని ఆయనకు ఇంకో రెండేళ్లు సర్వీసు కూడా ఉంది.

"నువ్వు చెప్పేది నీ అభిప్రాయం ఓదెలూ. ఇది డేటా."

ఓదెలు జిల్లా ఆసుపత్రికి వెళ్లి కంటి డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెచ్చాడు. చూపు బ్రహ్మాండంగా ఉందని, రెప్పలు వాలడం పుట్టుకతో వచ్చిందని, నడపడానికి అడ్డేమీ కాదని ఆయన రాసిచ్చాడు. సదరు డాక్టరు కళ్లను పరీక్షించారే గాని నిద్రను పరీక్షించలేదని ప్రధాన కార్యాలయం దాన్ని తిప్పి పంపింది. ఓదెలు మీద విచారణకు ఆదేశించింది.

విచారణ సంఘంలో ముగ్గురు సభ్యులు. పురుషోత్తం గారు అధ్యక్షులు. న్యాయం జరగాలి గనుక బల్ల మీద ఒక జాగృతి యంత్రాన్ని కూడా ఉంచారు. ఓదెలు ఉతికిన యూనిఫాం వేసుకుని, రాత్రంతా కూడబలుక్కున్న మాటలు చెప్పడానికి నిలబడ్డాడు.

"సార్, నేను దేవుని సాక్షిగ..."

గంట మోగింది.

"చోదక మహాశయా, మీరు నిద్రించుచున్నారు."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓదెలు గొంతు పెంచాడు. తన సర్వీసు గురించి చెప్పాడు, కోడి సంగతి చెప్పాడు, తాతగారి కళ్ల గురించి చెప్పాడు. యంత్రం కూడా గొంతు పెంచింది. అరగంట తర్వాత గుమస్తా నమోదు చేసిన వాంగ్మూలం ఇలా ఉంది: 'విచారణ సమయమందు సదరు డ్రైవరు గాఢనిద్రలో నుండి కొన్ని కలవరింతలు పలికెను. అవి నిద్రావస్థలో పలికినవగుటచే పరిగణనలోకి తీసుకొనబడలేదు.'

ఇక సస్పెన్షన్ మెమో ఇవ్వడమే తరువాయి. అక్కడ ఇంకో అడ్డంకి వచ్చింది. మెమో అందుకున్నట్టు ఉద్యోగి స్వయంగా, స్పృహలో ఉండి సంతకం చేయాలని నిబంధన. నిద్రలో ఉన్నవాడి సంతకం చెల్లదు. పురుషోత్తం గారు పై ఆఫీసుకు రాశారు. 'సదరు ఉద్యోగి మేల్కొనువరకు వేచియుండి అందజేయగలరు' అని జవాబు వచ్చింది. అంతవరకు అతన్ని ఏం చేయాలో అందులో లేదు. డిపోలో డ్రైవర్ల కొరత మాత్రం ఉంది. అందుచేత నిద్రపోతున్న ఓదెలు ఎప్పటిలాగే పొద్దున్నే బస్సు తీసుకుని బయలుదేరేవాడు.

ఆ రోజుల్లో ఓదెలు మనసు కొంచెం చెదిరింది. ఒకనాడు అన్నం ముందు కూర్చుని స్వరూపను అడిగాడు.

"నిజం చెప్పు. నేను మెల్కతోటి ఉన్ననా?"

"తినేకాడైతే మెల్కతోటే ఉంటవ్. పని చెప్పినప్పుడే పంటవ్."

"పరాష్కం కాదే. అందరు గదే మాటంటుంటే, ఏమో, నాకే అనుమానమొస్తున్నది."

స్వరూప నవ్వు ఆపేసింది. అతని చేతి మీద గట్టిగా గిల్లింది. "అబ్బ!" అన్నాడు.

"మరి గదే. నిద్రపోయెటోనికి నొప్పి ఉంటదా? తిను."

ఓదెలుకు ఆ సాక్ష్యం చాలింది. అయితే అది ఏ ఆఫీసులోనూ దాఖలు చేయదగ్గది కాదు.

మూడో నెలలో ప్రధాన కార్యాలయం నుంచి డైరెక్టరు నళినీకాంత్ గారే స్వయంగా డిపోకు వచ్చారు. ఓదెలు తన ఉద్యోగం పోయిందనుకున్నాడు. డైరెక్టరు గారు కారు దిగుతూనే అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

జరిగిందేమిటంటే, రాష్ట్రంలోని డ్రైవర్లందరి లెక్కలనూ విభాగం వారు కంప్యూటరుకు ఎక్కించారు. ప్రమాదాలు ఎవరికి తక్కువ? డీజిలు ఎవరు పొదుపు చేస్తున్నారు? టైర్లు ఎవరివి తక్కువ అరుగుతున్నాయి? అన్నిట్లో ఒకే పేరు పైన తేలింది. నిద్రలో కూడా అతని పేరే పైన ఉంది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసిన ఏ ఇంటెలిజెంట్ విభాగమైనా ఏ నిర్ణయానికి వస్తుందో ఆ విభాగమూ అదే నిర్ణయానికి వచ్చింది.

"మిత్రులారా!" అన్నారు నళినీకాంత్ గారు డిపో ఆవరణలో సిబ్బందినందరినీ కూర్చోబెట్టి. "ఇన్నాళ్లూ మనం మెలకువను ఒక గుడ్డి నమ్మకంగా పట్టుకు వేలాడాం. డేటా మన కళ్లు తెరిపించింది. మేలుకున్న డ్రైవరు కోపం తెచ్చుకుంటాడు. ఓవర్‌టేక్ చేస్తాడు. హారన్ కొడతాడు. నిద్రిస్తున్న డ్రైవరు ఇవేవీ చేయడు! దీన్ని మేము నిద్రాసహిత చోదనం అంటున్నాం. దీనికి ఆద్యుడు మీ ఓదెలు."

శాలువా కప్పారు. ఓదెలు మైకు అందుకుని, "సార్, నేను ఎన్నడు నిద్రపోలేదు" అన్నాడు. డైరెక్టరు గారు ముచ్చటగా నవ్వి, "చూశారా, ఎంత సహజమైన నిద్ర! తనకే తెలియదు!" అన్నారు. చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చిన శాలువా బాగానే ఉందంది స్వరూప. ఓదెలుకు సిగ్గూ వేసింది, కొంత సంతోషమూ కలిగింది. జిల్లాలో తనంతటి డ్రైవరు లేడని ఇన్నేళ్లుగా తాను చెబుతున్న మాట సర్కారు కూడా ఒప్పుకుంది. కారణం తప్పు చెప్పారు, అంతే. ఆ ఒక్క తప్పూ సరిదిద్దుతూ కూర్చోవడమెందుకులే అనుకున్నాడు.

మర్నాటి నుంచి అన్ని బస్సుల్లో జాగృతిని తిరగరాశారు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే గంట మోగదు. తెరిస్తే మోగుతుంది.

"చోదక మహాశయా, మీరు అతిగా మేల్కొనియున్నారు. దయచేసి విశ్రమించుడు."

ప్రతి డ్రైవరూ డ్యూటీలో అరవై శాతం నిద్ర సాధించాలని సర్క్యులర్ వచ్చింది. సాధించనివారికి ఇంక్రిమెంటు ఆపుతారు. ఓదెలును బస్సు మీద నుంచి దించి శిక్షకుణ్ణి చేశారు. అతని పని డిపోలో ఒక స్టూలు మీద కూర్చోవడం. డ్రైవర్లు ఎదురుగా నిలబడి అతని రెప్పలను చూసి నేర్చుకోవాలి.

అందరికంటే కష్టం సదానందానికి వచ్చింది. సదానందం ఓదెలుకు జోడు, ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్లు. అతని కళ్లు పెద్దవి, గుండ్రంగా ఉంటాయి. ఎప్పుడూ ఏదో వింత చూసినట్టే ఉంటాడు. మొదటి నెల అతని నిద్ర సున్నా శాతం వచ్చింది.

"ఎట్లనే ఓదెలూ? నువ్వెట్ల పంటవో జెర చెప్పరాదు" అన్నాడు సదానందం బతిమాలుతూ.

"నేను పంటలేనురా బాబూ! నీకు కూడ చెప్పాల్నా?"

"నాకెరుకనే. ఇంక్రిమెంటుకు ఎరుక లేదు గద. రెప్ప ఎంత దించాల్నో చెప్పు."

ఓదెలు నవ్వుతూనే చూపించాడు. సదానందం కళ్లు చికిలించి అభ్యాసం చేశాడు. ఇంట్లో చేశాడు, అద్దం ముందు చేశాడు, సందులో నడుస్తూ చేసి గేదెకు గుద్దుకున్నాడు. రెండో నెలకు నలభై శాతానికి వచ్చాడు. పురుషోత్తం గారు భుజం తట్టి, "పట్టుదల ఉంటే నిద్ర దానంతటదే వస్తుంది" అన్నారు.

మూడో నెల మొదట్లో, పట్టపగలు, ఎదురుగా ఎండ కొడుతుండగా సదానందం బస్సు రోడ్డు దిగి మక్కచేనులోకి వెళ్లింది. కళ్లు చికిలించి పోతున్నవాడికి మలుపు కనబడలేదు. చేను మెత్తగా ఉండి బస్సు పడిపోలేదు, ప్రయాణికులు చిన్న గాయాలతో బయటపడ్డారు. సదానందం కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఓదెలు ఆసుపత్రికి పరుగెత్తాడు. సదానందం కట్టుతో పడుకుని ఉన్నాడు. ఆ పెద్ద కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"అరవై రెండు వచ్చిందట ఓదెలూ" అన్నాడు నీరసంగా. "డీఎం సారు ఇప్పుడే ఫోన్ చేసిండు. టార్గెట్ దాటిననట. మరి ఈ చెయ్యితోటి స్టీరింగ్ పడతనో లేదో అంటున్నడు డాక్టరు."

ఓదెలు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు మీద కూర్చోవడమంటే అతనికి ఆ క్షణంలో అసహ్యమేసింది. రెప్ప ఎంత దించాలో నవ్వుతూ చూపించింది తనే. శాలువా కప్పించుకుని ఊరుకున్నదీ తనే. అక్కడి నుంచి తిన్నగా డిపోకు వచ్చి పురుషోత్తం గారి బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఇది బంద్ పెట్టుండ్రి. మనుషులు సస్తరు."

"కూర్చో ఓదెలూ. నీ ఆవేదన నాకు అర్థమైంది. కాని నువ్వు నిద్రలో..."

"నన్ను బస్సెక్కియ్యుండ్రి సార్. స్టూలు మీద కూసోను. బస్సు నడుపుత."

ఆ మాట పురుషోత్తం గారికి నచ్చింది. ఎందుకంటే, నిద్రాసహిత చోదనాన్ని రాష్ట్రమంతటా ప్రారంభించడానికి మంత్రిగారు జిల్లా కేంద్రానికి వస్తున్నారు. కొత్తమల్లారం నుంచి ఓదెలు నడిపే బస్సులో, మామూలు ప్రయాణికులతో కలిసి, డైరెక్టరు గారు స్వయంగా సభకు రావాలని కార్యక్రమం. ఓదెలు ఒప్పుకోకపోతే ఎలాగా అని ఆయన మథనపడుతున్నారు.

సభ నాటి ఉదయం బస్సుకు మామిడాకులు కట్టారు. వెంట రావలసిన అధికారులకు ఉన్నట్టుండి ఒక్కొక్కరికీ ఒక్కో పని తగిలింది. ఒకరికి వీడియో కాన్ఫరెన్సు, ఒకరికి పంటినొప్పి. పురుషోత్తం గారు శాలువాలు, పూలగుత్తులు జాగ్రత్తగా చేర్చాలని డైరెక్టరు గారి కారు ఎక్కి ముందే వెళ్లిపోయారు. బస్సులో మిగిలింది నళినీకాంత్ గారు, ఇద్దరు విలేకరులు, భూలక్ష్మి, గంపతో బుచ్చవ్వ, రోజువారీ జనం. ప్రదర్శన కోసం ఆ బస్సులో జాగృతికి పాత గొంతే మళ్లీ పెట్టారు, ఓదెలు నిద్ర అందరికీ వినబడాలని.

నళినీకాంత్ గారు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. ఆయన రవాణా మీద పుస్తకాలు రాసినవారు. డ్రైవరు వెనక సీట్లో కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి.

"చోదక మహాశయా, మీరు నిద్రించుచున్నారు."

"అద్భుతం!" అన్నారు విలేకరులతో.

ఊరు దాటాక బస్సు వేగం అందుకుంది. డైరెక్టరు గారు పైనున్న అద్దంలోకి చూశారు. అందులో ఓదెలు మొహం కనబడింది. రెప్పలు వాలి ఉన్నాయి. మొహం ప్రశాంతంగా ఉంది. ఆయన ముందు కడ్డీ పట్టుకున్నారు. ఎదురుగా ఇసుక లారీ ఒకటి బుసకొడుతూ వచ్చి, రాసుకున్నట్టుగా వెళ్లిపోయింది. ఆయన రెండో చెయ్యి కూడా కడ్డీకి వేశారు.

"నిద్ర... బాగా పడుతోందా ఓదెలూ?" అన్నారు, గొంతు కొంచెం సన్నగా.

ఓదెలు గేరు మార్చాడు. బస్సు నడిపేటప్పుడు అతను మాట్లాడడు.

వాగు వంతెన ముందు దారి కొడవలిలా వంపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల గొర్రెల మంద ఉందని దుమ్మును బట్టి ఓదెలుకు అప్పటికే తెలుసు. అప్పటికే కాలు బ్రేకు మీదకు వచ్చింది. డైరెక్టరు గారికి మాత్రం గొర్రెలు, వంతెన, వాగు, వాలిన రెప్పలు అన్నీ ఒక్కసారి కనబడ్డాయి.

"ఓదెలూ! లే! కళ్లు తెరువు! మేలుకోరా నాయనా, మేలుకో!"

బస్సు గొర్రెలకు బారెడు దూరంలో మెత్తగా ఆగింది. ఓదెలు ఇంజను ఆపాడు. చేతి బ్రేకు వేశాడు. వెనక్కి తిరిగాడు.

"ఎందుకు లేపుతున్నరు సార్? నేను పంటేనే గద మంచిగ నడిపేది?"

నళినీకాంత్ గారు చెమట తుడుచుకున్నారు. విలేకరులు రాసుకుంటున్నారు.

"సరే, సరే. పోనీ. మంత్రిగారు ఎదురుచూస్తుంటారు."

"ఎట్ల పోనిస్త సార్? మీరే భయపడుతున్నరు. నిద్రపోయెటోడు మీకొద్దు. మెల్కతోటి ఉన్నోడు కావాలంటే, ఉన్నడు. నేనే. గా ముక్క కాయితం మీద రాసియ్యుండ్రి, తీస్త."

"డేటాకు విరుద్ధంగా నేనెలా రాసేది?"

ఓదెలు సీటు దిగి, వెళ్లి బుచ్చవ్వ పక్కన కూర్చున్నాడు. "గట్లైతే డేటానే నడుపమనుండ్రి."

డైరెక్టరు గారు ఫోను తీశారు. డిపోలో మిగిలిన డ్రైవర్లు నిద్రలో ఆరితేరినవాళ్లేనని తెలిసింది. వాళ్లలో ఎవరినైనా పంపమంటారా అని డిపోవాళ్లు అడిగారు. ఆయన వద్దన్నారు. గొర్రెలు వెళ్లిపోయాయి. వెనక ట్రాక్టర్లు వచ్చి ఆగి హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. బుచ్చవ్వ గంప మీద తడిగుడ్డ సర్దింది.

"రాయి బిడ్డా రాయి, పొద్దెక్కుతున్నది. నా తోటకూర వాడవడ్తే నీ మిషిను కొంటదా? వాడు మెల్కతోటి ఉన్నడని మా ఊళ్లె పసిపోరగాన్ని అడిగినా చెప్తడు. నీకు చదువొచ్చు గద, రాయరాదు!"

"సార్, నేను టికెట్లు కొట్టేసిన" అంది భూలక్ష్మి. "ఇంతమందిని మధ్యల దించితే పైసలు ఎవరియ్యాలె?"

నళినీకాంత్ గారు ఆహ్వానపత్రం వెనక వైపు తిప్పి, కలం తీశారు. 'డ్రైవరు దాసరి ఓదెలు సంపూర్ణ మెలకువలో ఉన్నట్లు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించడమైనది' అని రాసి సంతకం చేశారు. ఓదెలు దాన్ని భూలక్ష్మితో గట్టిగా చదివించుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, వెళ్లి సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా యంత్రం అతన్ని మేల్కొనమంటూనే ఉంది. డైరెక్టరు గారు ఈసారి అద్దంలోకి చూడలేదు.

సభ దగ్గరికి వాళ్లు చేరేసరికే విలేకరులు తీసిన ఆ కాగితం ఫోటో ఫోన్లలో తిరుగుతోంది. మంత్రిగారు మైకు ముందుకు వెళ్లబోతూ ఆగారు.

"డ్రైవరు మేలుకునే ఉన్నాడటగా? మరి నన్నెందుకు పిలిచారు?"

వేదిక మీద అందరూ కిందికి చూశారు. పెద్ద ఉద్యోగాలు ఊరికే రావు. నళినీకాంత్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆ విభాగం పుట్టాక ఒక మనిషి ఆలోచించడం అదే మొదలు.

"చిత్తం సార్. డ్రైవరు మేలుకునే ఉన్నాడు. విధి నిర్వహణలో నిద్రించింది జాగృతి యంత్రం. దాని మీద కఠిన చర్యలు తీసుకుంటున్నాం."

మంత్రిగారు తృప్తిపడి, విధుల్లో అలసత్వాన్ని సహించేది లేదని ప్రసంగించి వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా అన్ని బస్సుల్లోంచి యంత్రాలను విప్పి డిపోలకు రప్పించారు. సదానందం చెయ్యి విరగడాన్ని విధి నిర్వహణలో గాయంగా రాశారు. చెయ్యి అతుక్కున్నాక అతని పాత బండే మళ్లీ ఇస్తామన్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత పెద్ద కళ్లలో దాచుకోవడానికి వీల్లేకపోయింది.

యంత్రం మీద విచారణ కొత్తమల్లారం డిపోలోనే జరిగింది. అదే సంఘం, అదే బల్ల. యంత్రాన్ని కుర్చీ మీద పెట్టి, కరెంటు ఇచ్చి, డ్యూటీలో నిద్రించిన మాట నిజమేనా అని మూడుసార్లు అడిగారు. మూడోసారి అది అధ్యక్షుల వైపు తిరిగి ఉంది. పురుషోత్తం గారు అప్పుడే భోంచేసి వచ్చి, ఆలోచన కోసం కళ్లు మూసుకున్నారు.

"మీరు నిద్రించుచున్నారు. దయచేసి మేల్కొనుడు" అంది యంత్రం.

అధ్యక్షుల వారి పట్ల అమర్యాద అని గుమస్తా రాసుకున్నాడు.

సాక్షిగా ఓదెలును పిలిచారు. ఈసారి అతని మాట చెల్లుతుంది, మెలకువకు సర్టిఫికెట్ ఉంది. అతను వచ్చి కుర్చీ మీది యంత్రాన్ని చూశాడు. వైర్లు వేలాడుతూ, ముగ్గురు పెద్దమనుషుల ముందు అది ఒంటరిగా ఉంది. తనను నెలల తరబడి ఏడిపించింది. అయినా తనూ అక్కడే నిలబడి, నోరు నొప్పి పుట్టేలా మొత్తుకున్న రోజు గుర్తొచ్చి అతనికి జాలేసింది.

"చెప్పవయ్యా ఓదెలూ. ఈ యంత్రం నిద్రపోయింది కదూ?"

"లేదు సార్. పాపం, అది మెల్కతోటే ఉన్నది. రెప్ప వాలింది కనవడ్డది, వాలిందని చెప్పింది. దాన్ని కాదనద్దు."

పురుషోత్తం గారు కళ్లజోడు తీసి తుడిచారు. "బాగా ఆలోచించి చెప్పు. అది మేలుకుని ఉంటే నువ్వు నిద్రపోయినట్టు. నువ్వు మేలుకుని ఉంటే అది నిద్రపోయినట్టు. రెంట్లో ఒకటే నిజం."

"కాదు సార్. ఇద్దరం మెల్కతోటే ఉన్నం."

అధ్యక్షుల వారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"మరైతే..." అన్నారు పురుషోత్తం గారు. "ఇన్ని నెలలు నిద్రపోయిందెవరు?"

గుమస్తా జవాబు రాసుకోవడానికి కలం ఎత్తి పట్టుకున్నాడు. ఓదెలు ముగ్గురు సభ్యుల వైపూ వాలిన రెప్పల కింద నుంచి ఒకసారి చూశాడు.

"నాకేమెరుక సార్? నేను డ్రైవర్ని. నా చూపు రోడ్డు మీదనే ఉంటది."

అని దండం పెట్టి, బండి టైమవుతోందని బయటికి వచ్చేశాడు. ఆ ప్రశ్నకు జవాబు కనుక్కోవడానికి సంఘం మరో ఆరు నెలల గడువు అడిగింది. గేటు దగ్గర భూలక్ష్మి అప్పటికే జనాన్ని ఎక్కించి విజిలు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది.